పటాకల కాక గడప

మందమైన కాగితం కట్ట ఏదైనా దుకాణానికి వస్తే నా చెయ్యి ఇప్పటికీ దాన్ని పక్కకు తీసి పెడుతుంది. పాత రిజిస్టర్ల అట్టలు, పరీక్షలైపోయిన జవాబు పత్రాలు, పంచగా మిగిలిన పెళ్ళికార్డులు. మూలన పెట్టాక గుర్తొస్తుంది, వాటిని అడిగి తీసుకుపోయే మనిషి ఇక లేడని. నిన్న మా ఆవిడ ఆ మూల చూసి, "ఎవలకోసం పెడుతున్నవ్ ఇవన్ని? జాగంత నిండిపాయె" అంది. అన్నదే కానీ వాటిని అక్కణ్ణుంచి తియ్యలేదు.

మాది వరంగల్లో నర్సంపేట రోడ్డు మీద చిత్తుకాగితాల దుకాణం. ఆ కాగితాలు తీసుకుపోయే ఆయన్ని మా వాడలో అందరూ పటాకల కాక అనేవాళ్ళు. పెళ్ళిళ్ళకు, జాతరలకు, మా చర్చిలో క్రిస్మస్‌కు బాణసంచా చేసి ఇచ్చేవాడు. అసలు పేరు నాకు తెలుసు. ఆ పేరుతో ఎవరూ పిలవగా వినలేదు కనుక నేనూ ఇక్కడ కొత్తగా పిలవను.

పటాకలు చేసే మనిషికి చిత్తుకాగితాలతో ఏం పని అని మొదట్లో అనుకున్నాను. పటాక అంటే లోపలంతా మందుగుండే అనుకునేవాణ్ణి. అదే మాట అడిగితే ఆయన రోడ్డు కాలువకు అవతల నిలబడి గట్టిగా నవ్వాడు.

"మందు గింతంత, కాగితం గంపెడు కొడుకా! మందును ఉత్తగ నేల మీద పోసి అంటిస్తే బుస్సుమంటది, గంతే. సుట్టూ కాగితం గట్టిగ పట్టుకున్నప్పుడే దానికి కోపమస్తది. కాగితం ఎంత గట్టిగ పడితే సప్పుడు అంత."

కాగితం ఎంచే తీరు చూసి తీరాల్సిందే. అంచును ఓసారి నిలువుగా, ఓసారి అడ్డంగా చించేవాడు. చెవి దగ్గర పెట్టి ఆడించేవాడు. చివరికి నాలిక కొసకు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. తళతళలాడే బొమ్మల పత్రికలు ఇస్తే మొహం చిట్లించేవాడు. "ఇది మైదా జిగురు తాగదు. తాగని కాగితం ఎవలతోని కలువదు" అని తిప్పి నా వైపే తోసేవాడు.

"కాకా, కాగితం చూస్తున్నవా, పిల్లను చూస్తున్నవా?" అని ఆటపట్టిస్తే, "పిల్లను గింత చూడలే కొడుకా నేను" అని మళ్ళీ నవ్వేవాడు.

ఇదంతా కాలువకు అవతలి నుంచే. మా దుకాణంలో మూటలు మోసే హమాలీలు బీడీలు తాగుతారు. తన బట్టలకు మందు రజను ఉంటుందని ఆయన భయం. "మీరు నిప్పు కాడ ఉండెటోళ్ళు, నేను మందు కాడ ఉండెటోణ్ణి. ఎందుకచ్చిన బాధ" అనేవాడు. కట్టలు కాలువ మీద బండ దాకా మోసి పెట్టి మేం వెనక్కి జరిగితే, అప్పుడు వచ్చి ఎత్తుకునేవాడు. చూసేవాళ్ళకు అంటు పాటిస్తున్నట్టు ఉండేది. నాకు మొదట్లో అది చిరాకు కూడా. మేం క్రైస్తవులం, ఇలాంటి దూరాలు మా పెద్దలు చాలా చూశారు. ఇది ఆ దూరం కాదని, మా కోసం పాటిస్తున్న దూరమని తెలియడానికి కొంత కాలం పట్టింది.

ఇంకో అలవాటు ఉండేది. ఎక్కడికి వెళ్ళినా ముందు అక్కడున్న ఇనుప గేటునో స్తంభాన్నో అరచేత్తో తాకి కాసేపు ఆగేవాడు. ఒంట్లో పుట్టే చిన్నపాటి కరెంటు భూమిలోకి పోవాలట. మందు గదిలోకి వెళ్ళే ముందు చెయ్యాల్సిన పని అది. ఈయన మంగలి దుకాణం ముందూ చేసేవాడు, చాయ్ హోటల్ ముందూ చేసేవాడు. నూలు బట్ట తప్ప వేసేవాడు కాదు. ఒక పెళ్ళివారు ముచ్చటపడి నైలాన్ చొక్కా పెడితే ఆయన అక్కడే వదిలేసి వచ్చాడు, అది చాలా కాలం వాళ్ళ దొడ్లో దిష్టిబొమ్మ మీద వేలాడింది.

ఆయన ఇల్లు అప్పట్లో పత్తిచేల మధ్య ఉండేది. ఊరికి దూరంగా ఉండాలని వాళ్ళ నాయన అక్కడ కట్టాడు. మందు కలిపేందుకు ఒక కొట్టం, కాగితాలు చుట్టేందుకు ఒక కొట్టం, ఉండేందుకు రెండు గదులూ ఒక వసారా. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య బోలెడంత ఖాళీ నేల. కొట్టంలో ఇద్దరు కూర్చోకూడదన్నది వాళ్ళింటి మొదటి నియమం. "ఇద్దరున్న కాడ ఇద్దరు పోతరు. ఒక్కడుంటే ఒక్కడే పోతడు" అని తండ్రి చెప్పేవాడట. సీజన్లో పనికి వచ్చినవాళ్ళు కూడా తలా ఒక చోట కూర్చుని, మాట్లాడాలంటే అరుచుకునేవాళ్ళు. అందుకే కాక గొంతు ఎప్పుడూ పొలానికి అవతలున్న మనిషిని పిలుస్తున్నట్టే ఉండేది. ఎదురుగా నిలబడ్డవాడితోనూ అంతే.

ఆ ఇంట్లో పొయ్యి లేదు. దేవుడి దీపం కూడా లేదు. ఊరందరికీ వెలుగులు చేసి ఇచ్చే ఇల్లు దీపావళి నాడు చీకట్లో ఉండేది. పెళ్ళి సంగతి నేనొకసారి అడిగాను. అడక్కుండా ఉంటే బాగుండేదేమో.

"అయింది కొడుకా పెండ్లి. పొయ్యి లేని ఇంట్ల ఆడిది ఏం జేస్తది? పొద్దుగాల వాళ్ళ అన్నగారింట్ల వండి, గిన్నెలు కట్టుకొని అచ్చేది. ఓ ఏడు వానలు బాగ కొట్టినయ్. బురదల నడువలేక ఆడనే ఉండిపోయింది. అటెన్క జరమచ్చి పోయింది." అంత గట్టి గొంతుతో అంత నెమ్మదైన మాట నేనెన్నడూ వినలేదు. వెంటనే కాగితం కట్ట మీద చెయ్యి వేసి, "ఇది తడిసినట్టున్నది, వద్దు" అన్నాడు.

ఒక ఏడు క్రిస్మస్ ముందు మా పాస్టర్ గారు పంపితే, ఏం చేస్తున్నాడో చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళాను. సెల్లూ చెప్పులూ గేటు దగ్గరే వదిలాను. నన్ను కాగితాల కొట్టంలో కూర్చోబెట్టి, తాను బయట చెట్టు కింద కూర్చుని, సగం చేసిన ఒక గుండును నా ముందు పెట్టమని పనివాడికి చెప్పాడు. ఆకాశంలో పేలే గుండును ఆయన 'పండు' అనేవాడు. అరచేతిలో పట్టే రెండు కాగితపు చిప్పలు. ఒక చిప్పలో దానిమ్మ గింజల్లా అంచు వెంబడి నల్లటి ఉండలు పేర్చి ఉన్నాయి.

"అవి రంగు గింజలు. ఒక్కొక్కదాని నడుమ సజ్జ గింజ ఉంటది. సజ్జ గింజను తడి మందుల దొర్లించుడు, ఎండబెట్టుడు, మల్ల దొర్లించుడు. ఒక పొర ఎరుపు మందు, ఒక పొర పచ్చ మందు. ఆకాశంల రంగు మారుతదని చప్పట్లు కొడతరు గద, అది మారుడు కాదు. పై పొర కాలిపోయి లోపలి పొర బయటపడుడే" అని చెట్టు కింది నుంచి అరిచాడు.

రంగులన్నీ లోహాల ఉప్పుల నుంచే వస్తాయని అప్పుడే తెలిసింది. ఎరుపుకు ఒకటి, పచ్చకు ఒకటి, నీలానికి రాగి. బంగారు జల్లు కావాలంటే ఇనుప రజను, తోక పొడుగ్గా సాగాలంటే కంది కట్టెల బొగ్గు. చిప్ప నడిమధ్య ఇంకేవో నల్లటి గింజలు పోసి ఉన్నాయి. అవేమిటో గుర్తుపట్టి నేను ఆశ్చర్యపోయాను. పత్తి గింజలు! తొర్రూరు జిన్నింగు మిల్లు నుంచి తెచ్చి, వాటికి మందు పట్టించి ఎండబెడతాడట. ఉత్త మందు పోస్తే గడ్డకట్టుకుంటుంది. గింజల మధ్య సందులుంటాయి కనుక నిప్పు ఒక్కసారిగా అంతటా పరుగెత్తుతుంది. అప్పుడు చిప్ప పగిలి, రంగు గింజలు అన్ని వైపులకూ సమంగా చెదురుతాయి.

"దీనికి రెండు ఒత్తులుంటయ్ కొడుకా. ఒకటి పైకి లేపేది, ఒకటి ఓపిక పట్టేది. రెండోదే అసలుది. తొందరపడితే మనుషుల నెత్తి మీదనే పేలుతది. ఆలిశం జేస్తే కిందికచ్చినంక పేలుతది."

క్రిస్మస్ సాయంత్రం ప్రార్థన అయ్యాక, పిల్లలూ పెద్దలూ చర్చి ముందు మైదానంలో చేరారు. గొట్టం నేలలో పాతి, చుట్టూ ఇసుక బస్తాలు పెట్టి, కాక ఒక్కడే అవతల ఉన్నాడు. పండు పైకి లేచింది. అందరం మెడలెత్తాం. ఎర్రగా విచ్చుకుని పచ్చగా మారి, బంగారు పోగులై జారింది. నేను ఎందుకో కిందికి చూశాను. కాక ఆకాశానికి వీపు పెట్టి మా వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

తర్వాత అడిగాను, చేసిన పనిని చూసుకోవా అని.

"పైన ఏమున్నదో నాకెరికే. చేసింది నేనే గద. మీ మొకాలు నేను చెయ్యలే, గందుకే గవి చూస్త. ఎర్ర వెలుగుల అందరు సుట్టాల లెక్క కనవడతరు. నీలం మంచిగుండదు. నీలం అచ్చినప్పుడు మొకాలు కనవడయ్."

మా పాస్టర్ గారు బిర్యానీ తినిపొమ్మన్నారు. వస్తానన్నాడు. కానీ గొట్టాలు చల్లారే దాకా అక్కణ్ణుంచి కదలకూడదు. పేలకుండా పడ్డ గింజలు ఎక్కడైనా ఉంటే వెతికి నీళ్ళలో వెయ్యాలి. ఆ పనంతా అయ్యేసరికి విస్తళ్ళు ఎత్తేశారు, జనం వెళ్ళిపోయారు. ఏటా ఇదే జరిగేది. అన్ని పెళ్ళిళ్ళలోనూ ఇదే జరిగేదని నా అనుమానం. ఇన్ని వేడుకలకు వెళ్ళిన మనిషి ఒక్క బంతిలోనూ కూర్చున్నట్టు లేదు.

పత్తిచేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు కాలనీ అయ్యాయి. ఆయన కాంపౌండు గోడకు ఆనించి ఇళ్ళు లేచాయి. ఇళ్ళ మధ్య మందు పని కుదరదని లైసెన్సు ఆపేశారు. అది న్యాయమే, ఆయనా కాదనలేదు. "ఇండ్ల నడుమ మందు ఉండద్దు. అందుకే మా నాయిన ఇండ్లకు దూరం జరిగిండు. ఇప్పుడు ఇండ్లే నా దగ్గరికి అచ్చినయ్" అన్నాడు. గొంతులో బాధ కంటే సంబరమే ఎక్కువ వినిపించింది. దగ్గరికి అన్న మాటను ఆయన అంత ఇష్టంగా అన్నాడు.

మిగిలిన మందంతా నీళ్ళలో కలిపి పాడు చేశాడు. కొట్టాలు కూల్చాడు. రెండు గదులూ కడిగి, సున్నం వేసి, మళ్ళీ కడిగాడు. తర్వాత గ్యాసు పొయ్యి తెచ్చుకున్నాడు. పుట్టి పెరిగిన ఇంట్లో పాలు పొంగించుకుంటానన్నాడు. కొత్తింట్లో చేరేటప్పుడు అందరూ చేసేదే అది. ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు. కాలనీలో గేటు గేటుకూ వెళ్ళి, ఇనుము మీద చెయ్యి పెట్టి, కాసేపు ఆగి, అరిచి పిలిచాడు.

"బేస్తవారం పొద్దుగాల పాలు పొంగిస్తాన. పరమాన్నం తినిపోవాలె. ఇంట్ల మందు లేదు. రవ్వంత లేదు. పిల్లలను గూడ తోల్కరాండ్రి."

నేనూ మా ఆవిడా వెళ్ళేసరికి గేటు బయట చాలామందే ఉన్నారు. చేతుల్లో పళ్ళూ కొబ్బరికాయలూ కూడా ఉన్నాయి. గడప దాటి మాత్రం ఎవరూ రాలేదు.

"లోపలికి రాండ్రమ్మా" అని కాక వసారాలోంచి చేతులూపాడు.

"ఈడ మంచిగనే ఉన్నది కాకా. పిల్లలున్నరు, జర భయం" అంది గోడ పక్కింటి ఆవిడ. "గోడల సందులల్ల ఏడనన్న ఉంటదేమో. నీకు తెల్వకుంటనే ఉంటది."

ఆమెను తప్పు పట్టలేను. నా ఒళ్ళు మాత్రం మండింది.

పొయ్యి ముందు నిలబడ్డ కాకకు చెయ్యి ఆడలేదు. ఎన్ని ఒత్తులు అంటించాడో ఆ చేతితో! అగ్గిపెట్టె మా ఆవిడకు ఇచ్చి, "నువ్వే అంటియ్యి బిడ్డా. ఈ ఇంట్ల నిప్పు నాతోని కాదు" అన్నాడు. ఆమె అంటించింది. పాలు పొంగి మంట మీద పడి సుయ్‌మనగానే, గేటు దగ్గర ఒకావిడ పిల్లను చంకనేసుకుని ఎదురింటి అరుగు దాకా పరుగెత్తింది. వెనకే ఇంకొందరు. తర్వాత నవ్వుకున్నారు. కాక కూడా నవ్వాడు, కానీ చూపు పాలగిన్నె మీదే పెట్టుకున్నాడు.

పరమాన్నం బయటికే పంపాం. రోడ్డు మీద నిలబడి తిని, బాగుందని చెప్పి వెళ్ళారు. లోపల తినడానికి మిగిలింది మేం ముగ్గురమే. నాకు ముందు గదిలో విస్తరి వేశాడు. మా ఆవిడకు వెనక గదిలో వేశాడు. తాను వసారా చివర కూర్చున్నాడు. అక్కణ్ణుంచి, "ఎట్లున్నది బిడ్డా? తీపి సరిపోయిందా?" అని అరిచాడు. వెనక గదిలోంచి మా ఆవిడ నవ్వు వినపడింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. తన విస్తరి చేత్తో పట్టుకుని వచ్చి నా పక్కన పెట్టింది.

"కాకా, నువ్వు గూడ ఇటు రా. ముగ్గురం ఒక్క కాడ కూసుందాం."

ఆయన వచ్చాడు. తలుపు గొళ్ళెం మీద చెయ్యి పెట్టి ఆగాడు. మా ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నాడు. మోకాళ్ళు కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి విస్తరి తీసుకుని గోడ దాకా జరిగాడు. "అలవాటు లేదు బిడ్డా. ఏమనుకోకు. ఇద్దరు దగ్గర కూసుంటే పానం గుబగుబలాడుతది" అన్నాడు. మనుషులు రావాలని ఇల్లంతా కడుక్కున్న మనిషి, వచ్చినవాళ్ళ పక్కన కూర్చోలేకపోయాడు.

ఆ తర్వాత సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి పోయేవాళ్ళను చాయ్ తాగిపొమ్మనేవాడు. తాగేవాళ్ళు, గేటు బయట నిలబడి. లోపలికి వెళ్ళేవాణ్ణి నేనొక్కణ్ణే. నా చాపకూ ఆయన చాపకూ మధ్య దూరం వారం వారం కొంత తగ్గింది. పూర్తిగా తగ్గే లోపే ఎప్పటి నుంచో ఉన్న దగ్గు ముదిరి దవాఖానలో పడ్డాడు.

వార్డు కిక్కిరిసి ఉంది. మంచానికీ మంచానికీ మధ్య మనిషి దూరడం కష్టం. నేల మీద కూడా చాపలు వేసుకున్నారు. పక్క మంచం వాళ్ళ బంధువులు ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని అన్నం తింటున్నారు. కంగారు పడుతుంటాడనుకున్నాను. ఆయన నాకు వంగమని సైగ చేశాడు. మొదటిసారి, నా చెవిలో, మెల్లగా మాట్లాడాడు.

"మస్తున్నది కొడుకా ఈడ. ఎటు ఒరిగినా మనిషే. రాత్రి పక్క మంచం పిల్లగాని తల్లి నా మంచానికే ఆనుకొని పండుకున్నది. నేనేం జరగలే."

రెండు రోజులకు పోయాడు.

తొర్రూరు నుంచి ఆయన తమ్ముడి కొడుకు వచ్చాడు. కాలనీ వాళ్ళూ బాగానే వచ్చారు, మంచి మాట చెప్పుకోవాలి. శ్మశానంలో కట్టెలు పేర్చేటప్పుడు ఎవరో అన్నారు, "పుట్టినకాణ్ణుంచి మందు పీల్చిండు. ఊపిరితిత్తుల నిండ అదే ఉంటది. అంటిస్తే ఏమైతదో!" కొందరు నవ్వారు. తర్వాత ఆ నవ్విన వాళ్ళే కొంచెం వెనక్కి జరిగారు. ఒకరిని చూసి ఒకరు జరుగుతూ, చివరికి గోడ దాకా వెళ్ళారు. చితి దగ్గర నేనూ తమ్ముడి కొడుకూ మిగిలాం.

మా వాళ్ళలో సమాధి దగ్గర అందరూ గుంట అంచు దాకా వచ్చి తలా పిడికెడు మన్ను వేస్తారు. తోసుకుంటారు కూడా. ఇక్కడ ఆ కుర్రాడు కొరివిని పొడుగాటి వెదురు కొసకు కట్టాడు. మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి చాచగలిగినంత చాచి, చిచ్చుబుడ్డి ముట్టించినట్టు ముట్టించాడు. అంటుకోగానే వెదురు పారేసి, చెవులు మూసుకుని పరుగెత్తాడు.

"అగో, ఇటు రా అన్నా!" అని గోడ దగ్గర్నుంచి నన్ను పిలిచారు. నేను కదల్లేదు. భయం లేక కాదు. నేను కూడా జరిగితే ఆయన దగ్గర ఇంక ఎవరూ ఉండరు.

ఏమీ కాలేదు. కట్టెలు నెమ్మదిగా అంటుకున్నాయి. అందరు మనుషులూ కాలినట్టే ఆయనా కాలాడు. వెనక నుంచి తమ్ముడి కొడుకు గొంతు వినిపించింది. "ఏం లేదు గదా. మా పెద్దబాపు లోపల ఏం లేకుండె" అని ఏడుస్తున్నాడు. తర్వాత అడుగుల చప్పుడు. ఒకరి వెనక ఒకరు వచ్చారు. గోడ పక్కింటి ఆవిడ భర్త వచ్చాడు. చాయ్ తాగినవాళ్ళు, పరమాన్నం తిన్నవాళ్ళు అందరూ వచ్చారు. భుజాలు రాసుకుంటూ ఆయన చుట్టూ నిలబడ్డారు. నాకు కోపం వచ్చింది.

వెనక ఉన్నవాళ్ళకు కనబడటం లేదని ఎవరో అంటే, నేను పక్కకు జరిగి చోటిచ్చాను.